నాయకుడి దీక్ష, దుబాసీ అనుమానం

వచ్చే నెలతో నా వీసా ముగుస్తుంది. ఒమాన్‌లో, మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్న అద్దె ఇంట్లో సామాను సగం అట్టపెట్టెల్లోకి చేరింది. మిగతా సగం ఇక్కడే వదిలేయాలా, జగిత్యాల దాకా మోసుకుపోవాలా అని మా ఆవిడా నేనూ రోజూ వాదులాడుకుంటున్నాం. ఆ వాదన తప్పించుకోవడానికి కూడా ఈ రాత పనికొస్తోంది.

నేను మస్కట్‌లోని అజైబాలో ఒక ట్రాన్స్‌లేషన్ ఆఫీసులో పనిచేశాను. కాగితాల తర్జుమా సగం పని. రెండో సగం మనుషుల మధ్య కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం. పోలీసు స్టేషన్లో, లేబర్ ఆఫీసులో, ఆసుపత్రిలో, ఒక్కోసారి ఎవరి ఇంట్లోనో. మా నాన్న ఉర్దూ మీడియం పంతులు. ఇంట్లో నేర్చిన ఆ లిపి పుణ్యమా అని నాకు అరబ్బీ తొందరగా అబ్బింది. ఆఫీసు మా ఉద్యోగానికి ఇంటర్‌ప్రెటర్ అని పేరు పెట్టింది. నాకు మాత్రం దుబాసీ అన్న పాత మాటే ఇష్టం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు వ్యాకరణం, చట్టం మాటలు నేర్పడానికి బోలెడు మంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. మన నాయకులు గల్ఫ్‌కు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని మాట చేరవేయడం మన పనిలో భాగం. వాళ్లు దేవుడి పేరు ఎత్తినప్పుడు దుబాసీ ఏం చేయాలి? నమ్మి ఊరుకోవాలా, ఆరా తీయాలా? ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి పోకూడదు అని పెద్దమనుషులు అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అనడం లేదు. ఎందుకో చెబుతాను.

అనుమానం ఎలా వచ్చిందంటే

నేను అనుమానం మనిషిని. కూరగాయల కొట్టువాడు తూకం వేస్తుంటే కళ్లార్పకుండా చూస్తాను. ఎవరైనా అతిగా నవ్వితే ఏం పని పడిందో అనుకుంటాను. "మీతో కాపురం చేయడం పోలీసుతో చేసినట్టుంది" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పరాయివాళ్ల అబద్ధాలు నా నోటితో చెప్పాల్సి రావడం వల్ల వచ్చింది.

మామూలుగా వినేవాడు అబద్ధం విని మరిచిపోతాడు. దుబాసీకి ఆ సౌకర్యం లేదు. దాన్ని వినాలి, అర్థం చేసుకోవాలి, సొంత గొంతుతో ఇంకో భాషలో పలకాలి. అన్నంలో రాయి పంటికింద పడినట్టు ఠక్కున తెలిసిపోతుంది. తెలిసినా చెప్పక తప్పదు.

మా ఆఫీసు యజమాని నాసర్ ఒమాన్ దేశస్థుడు. మొదటి రోజే నాకు ఒక మాట చెప్పాడు. "నువ్వు పైపువి. నీళ్ల రుచి ఎలా ఉందో నీకెందుకు?" నాసర్ మంచి బాస్. నన్ను తప్పు కాగితం మీద సంతకం పెట్టమని ఎన్నడూ అడగలేదు. కానీ ఆ మాటలో సగమే నిజం. లోపల కూర్చున్నాక మాట కలపకూడదు, తీయకూడదు. అంతవరకు సరే. లోపలికి వెళ్లకముందు మాత్రం అడగాలి. పొంతన లేనిది ఏదైనా కనిపిస్తే, ఎవరికి కోపం వచ్చినా సరే, అడిగి తేల్చుకోవాలి. నాసర్‌కు ఈ రెండో సగం నచ్చేది కాదు. "నీ వల్ల కస్టమర్లు అలుగుతున్నారు" అనేవాడు. అలిగినవాళ్లలో ఎక్కువ మంది అబద్ధం చెప్పబోతున్నవాళ్లేనని నేను అనేవాణ్ణి.

చర్చికి పోతాడా, పోడా

కొన్నేళ్ల కిందట ఒక నాయకుడు మస్కట్ వచ్చాడు. ఆయన చాటుగా మతం మారాడని వాళ్ల జిల్లాలో పుకారు. ఆయన ఉన్నన్ని రోజులు నేను వెంట ఉండాలని ఆఫీసుకు కబురొచ్చింది. ఖురంలో ఆయన దిగిన హోటల్ బయట సుధాకర్ అనే కాంట్రాక్టర్ నన్ను పట్టుకున్నాడు. మా జిల్లావాడే. మనవాళ్ల సభలన్నిటికీ ముందుండి తిరిగే మనిషి.

"అన్నా, నువ్వు ఆయన కార్లనే ఉంటవ్ గదా. శుక్రవారం పొద్దుగాల యాడికి పోతడో జర కనిపెట్టు" అన్నాడు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలో పెద్ద ప్రార్థన కూడా ఆ రోజే.

"కనిపెట్టి?"

"చర్చికి పోతే ఒక ఫోటో గొట్టు. మిగిలింది మేం జూసుకుంటం."

"ఆయన చర్చికి పోతే నీకేం పోయింది సుధాకర్?"

"నాకేం పోతది? జనానికి తెల్వాలె గదనే."

"తెలిస్తే జనం ఏం జేస్తరు?"

సుధాకర్ బుర్ర గోక్కున్నాడు. "ఏం జేస్తరంటే... గుడికొచ్చి కొబ్బరికాయ గొడ్తడు గదన్నా!" అన్నాడు చివరికి. కొడితే కొట్టనీ, కాయ ఆయనదే కదా అని నేను వచ్చేశాను.

ఆ శుక్రవారం ఆ నాయకుడు ఒక చోటికి వెళ్లాడు. ఎక్కడికో నాకు తెలుసు. సుధాకర్‌కు చెప్పలేదు, మీకూ చెప్పను. ఆయన దేవుణ్ణి ముందు పెట్టి ఓటు అడిగిన మనిషి కాదు. ఆయన ప్రార్థన వల్ల ఎవరి పనీ ఆగలేదు. సుధాకర్‌కు కావలసింది నిజం కాదు, విసరడానికి ఒక రాయి. ఆరా తీయమని వచ్చేవాడి మీద కూడా అనుమానం ఉండాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఆ జాగ్రత్త మంచిదే. దాంతో పాటు ఇంకో పాఠం కూడా తలకెక్కించుకున్నాను. నాయకుల భక్తి సంగతి అసలెప్పుడూ అడగకూడదు అని. అది ఎక్కడికి తీసుకుపోయిందో తరువాత చెబుతాను. ముందు కాఫీ గురించి చెప్పాలి.

ముసలి ఎమ్మెల్యే ఉపవాసం

ఒమానీల ఇంట్లో మగవాళ్లు అతిథులను కూర్చోబెట్టే గదిని సబ్లా అంటారు. తివాచీ మీద గోడ వారగా అందరూ కూర్చుంటారు. ముందు ఖర్జూరాలు, తరువాత చిన్న కప్పుల్లో కహ్వా, అంటే వాళ్ల ఏలకుల కాఫీ. మామూలు అతిథి తాగేసి కప్పు కాస్త ఊపితే ఇక చాలు అని అర్థం. పెద్ద కోరికతో వచ్చినవాడు మాత్రం కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. అది చూసి ఇంటి పెద్ద ఏం కావాలో అడుగుతాడు. ఒప్పుకుంటే "తాగు, నీ మాట నెగ్గింది" అంటాడు. ఆ మాట అన్నాక తాగి తీరాలి. అప్పటికీ తాగకపోతే నీ మాట మీద నాకు నమ్మకం లేదని ఇంటాయన ముఖం మీద చెప్పినట్టే. అన్ని ఇళ్లలో ఇంత పట్టింపు ఉండదు. పాత పద్ధతి మనుషుల దగ్గర ఉంటుంది.

మా నిర్మల్ వైపు డ్రైవర్ ఒకడు లోపలి ఊళ్లో ఒక పెద్దాయన ఒంటెను లారీతో గుద్దాడు. ఒంటె చచ్చిపోయింది, వాడు స్టేషన్లో కూర్చున్నాడు. ఆ సమయానికి వాళ్ల ఊరి మాజీ ఎమ్మెల్యే, కర్రపట్టుకుని నడిచే ముసలాయన, కూతుర్ని చూడటానికి మస్కట్ వచ్చి ఉన్నాడు. అడిగితే వెంటనే బయలుదేరాడు. కారెక్కుతూనే నాతో అన్నాడు.

"ఇగో బిడ్డా, ఇయ్యాల శనివారం. నేను పొద్దుగూకేదాక పచ్చి మంచినీళ్లు గూడ ముట్ట. ఆల్లు చాయ గియ ఇస్తే ఏం జెయ్యాలె? ముందుగాలనే చెప్పు, ఆల్లను చిన్నబుచ్చుడు నాకిష్టం లేదు."

నేను దారిలోనే ఒంటె యజమానికి ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. "ఉపవాసం ఉన్నవాణ్ణి మేం బలవంతం చేస్తామా? ఆయన కప్పు నువ్వు తాగు" అన్నాడు. అలాగే జరిగింది. ముసలాయన తరఫున కప్పు నా ముందు పెట్టుకున్నాను. తాగు అనగానే నేనే తాగాను. ఇంటాయన దారి ఖర్జూరాలు మూటగట్టి ముసలాయన చేతికిచ్చాడు, పొద్దుగూకాక తినమని. డ్రైవర్ బయటికొచ్చాడు.

ఆ ముసలాయన ఏ దేవుణ్ణి ఎంత నమ్మాడో నాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ పడలేదు. తన నియమం వల్ల ఎదుటివాడికి ఏం ఇబ్బందో ముందుగా తనే చెప్పాడు. నాకు అంతే చాలు.

ఓబులమ్మ

ఓబులమ్మది కడప జిల్లా. సీబ్‌లో సయీద్ అనే పెద్దాయన ఇంట్లో ఇంటిపనికి వచ్చింది. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఒప్పందం గడువు దాటినా, ఇంకో పనిమనిషి దొరికేదాకా ఆగమని సయీద్ ఆమెను ఆపాడు. అంతలో ఊళ్లో తల్లికి పక్షవాతం వచ్చింది. ఇంటికి పంపమని అడిగింది. ఇంట్లో పెళ్లి ఉంది, అయ్యాక చూద్దాం అన్నాడు. ఒక పొద్దున ఆమె ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చి, ఆపదలో ఉన్న ఆడవాళ్లను ఉంచే వసతికి చేరింది. సయీద్ పనిమనిషి పారిపోయిందని ఫిర్యాదు పెట్టాడు. ఆ ఫిర్యాదు ఆయన వెనక్కి తీసుకుంటే తప్ప ఆమె దేశం దాటలేదు.

ఆఫీసు పంపగా నేను ఆ వసతికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది.

"మాయమ్మకు ఒగ పక్క పడిపోయింది అన్నా. నోట్లో మాట గూడ రావడం ల్యాదంట. పిల్లోల్లు ఇద్దురూ పక్కింట్లో తింటాండారు. ఎన్నాళ్లు పెడతారు అన్నా వాళ్లు మాత్రం? మాయమ్మ కండ్లు మూయకముందే నన్ను పంపియ్యి. నీకు పుణ్యముంటాది."

"ఏడ్వకు చెల్లె. ఆయన్ను కలుస్త" అన్నాను.

సయీద్ చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, చెయ్యి చేసుకోలేదు. ఆ సంగతి ఓబులమ్మే చెప్పింది. ఆయన బాధ వేరు. ఇంటి నుంచి పనిమనిషి పారిపోయిందంటే లోపల ఏదో జరిగిందని బంధువులు గుసగుసలాడుతున్నారు. "ఆమె దేశం నుంచి మర్యాదస్తుడు ఒకడు నా సబ్లాకు రావాలి. నా వాళ్లందరి ముందు కూర్చుని మర్యాదగా అడగాలి. నా తలెత్తుకునే దారి చూపించు, సంతకం పెడతాను" అన్నాడు. ఆయన పాత పద్ధతి మనిషని ఆ మాటతోనే అర్థమైంది.

అదే వారం ఓబులమ్మ వాళ్ల వైపు నాయకుడు ఒకాయన మనవాళ్ల సభకు వస్తున్నాడు. మంత్రి పదవి మీద కన్నున్న మనిషి. ఆయన కార్యదర్శి రాఘవకు విషయం చెబితే ఎగిరి గంతేశాడు. కెమెరా ఉంటుందా అని అడిగాడు. ఆడవాళ్ల వైపు తిప్పకపోతే పరవాలేదని సయీద్ ఒప్పుకున్నాడు.

ఆ నాయకుడు దీక్షలో దిగాడు. నల్ల పంచె, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేవు. సభలో ప్రసంగం మొదట్లో, మధ్యలో, చివర్లో శరణుఘోష చెప్పించాడు. వచ్చే ఎన్నికల్లో గెలిస్తే అది స్వామి ఇచ్చిన ఆజ్ఞ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆయన పాదాలు చూశాను. మా జగిత్యాల, నిర్మల్ కుర్రాళ్లు లేబర్ క్యాంపుల్లో ఏటా మాల వేసుకుంటారు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, వేరే పొయ్యి, నేల మీద చాప. సైట్‌లో సేఫ్టీ షూ తప్పదు కాబట్టి గురుస్వామిని అడిగి వేసుకుంటారు, డ్యూటీ అయ్యాక విప్పేస్తారు. అడిగితే దాచకుండా చెబుతారు. వాళ్ల మడమలు పగిలి ఉంటాయి. ఈయన మడమలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. నా అనుమానం అక్కడ మొదలైంది.

సయీద్ ఇంటికి వెళ్లడానికి ముందురోజు రాఘవ ఫోన్ చేశాడు. "సార్ దీక్షలో ఉండారు. బయట ఏదీ ముట్టరు. వాళ్లకు చెప్పండి" అన్నాడు.

నేను కప్పు సంగతి మొత్తం వివరించాను. "నిష్ఠ నిజమైతే ఏ ఇబ్బందీ లేదు రాఘవగారూ, ఆయన తరఫున నేను తాగుతాను. ఒకవేళ కొంచెం అటూ ఇటూ అయితే అదీ నాకు చెప్పండి. ఎవరికీ చెప్పను. ఆ ఇంట్లో ఒక్క గుటక తాగేస్తే సరిపోతుంది. ఒక ఆడమనిషి బతుకు దీని మీద ఉంది."

"ఏందండీ మీరు మాట్లాడేది? మా సార్ భక్తిని శంకిస్తాండారా?" అని రాఘవ అందుకున్నాడు. "ఎవురి నమ్మకం వాళ్లది. అడిగే హక్కు మీకు ఎవురిచ్చినారు?"

నేను సుధాకర్‌కు చెప్పిన మాటే నాకు ఎదురొచ్చింది. ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేశాను.

తాగు, నీ మాట నెగ్గింది

అతిథికి దారి చూపించమని సయీద్ తన కొడుకు ఖల్ఫాన్‌ను ఖురంలో నాయకుడు దిగిన హోటల్‌కు పంపాడు. నేను ఓబులమ్మను వసతి నుంచి తీసుకుని నేరుగా సీబ్ చేరాను. ఆమె సబ్లా గడప బయట, చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు ఇంటిపనిలో నేర్చిన అరబ్బీ ఉంది, లోపలి మాటలన్నీ అర్థమవుతాయి.

లోపల సయీద్ బంధువులు గోడల వెంట నిండుగా కూర్చున్నారు. నాయకుణ్ణి మధ్యలో కూర్చోబెట్టారు. రాఘవ ఎదురుగా ఫోన్ పట్టుకుని వాళ్ల నియోజకవర్గానికి లైవ్ పెట్టాడు. ఖర్జూరాలు వచ్చాయి. నాయకుడు రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. నేను అనుకున్నట్టే చెప్పాను. మా అతిథి దేవుడి వ్రతంలో ఉన్నారు, బయట ఏదీ ముట్టరు, ఆయన కప్పు నేను అందుకుంటాను అని.

సయీద్ ముఖం వెలిగిపోయింది. "దేవుడు ఆయన వ్రతాన్ని స్వీకరించుగాక. దేవుడి కోసం నోరు కట్టుకున్నవాడు నా గడప తొక్కడం నాకు గౌరవం" అని బంధువుల వైపు తిరిగి చెప్పాడు. వాళ్లూ తలలూపారు.

నాయకుడు బాగా మాట్లాడాడు. ఆ సంగతి దాచను. సయీద్ ఇంటి మర్యాదను పొగిడాడు. ఆమె తొందరపడిందని, ఇంట్లో ఏ లోటూ జరగలేదని, తల్లి మంచాన పడిందని, పెద్దమనసుతో పంపమని అడిగాడు. నేను ఒక్కో మాటా అరబ్బీలో చెప్పాను. కప్పు నా ముందు తివాచీ మీద ఉంది. సయీద్ కాసేపు అందరి ముఖాలూ చూసి, నా వైపు చెయ్యి చాపాడు.

"తాగు. నీ మాట నెగ్గింది."

గడప బయట ఓబులమ్మ రెండు చేతులూ గుండెకు హత్తుకోవడం నాకు కనిపించింది. నేను కప్పు ఎత్తాను.

"నాన్నా" అన్నాడు ఖల్ఫాన్. గొంతులో కోపం లేదు, అర్థం కాక అడిగినట్టు ఉంది. "ఈయన పొద్దున హోటల్‌లో టీ తాగాడు కదా. గుడ్లు కూడా తిన్నాడు. నేను పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను."

సయీద్ ముందుకు వంగి నా చేతిలోంచి కప్పు తీసేసుకున్నాడు. దురుసుగా కాదు, పిల్లవాడి చేతిలో వస్తువు తీసుకున్నట్టు నెమ్మదిగా. "ఆయన్నే అడుగు" అన్నాడు.

"ఏమంటాండాడు పెద్దాయన?" అన్నాడు నాయకుడు ఇంకా నవ్వుతూనే.

"రాఘవగారూ, ఫోన్ పక్కన పెట్టండి" అన్నాను. పెట్టలేదు. ఇక నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "సార్, పొద్దున మీరు హోటల్లో టీ తాగి గుడ్లు తిన్నారట. వాళ్లబ్బాయి చూశాడట. నిజమేనా అని అడగమంటున్నారు."

నవ్వు ఆరిపోయింది. ఆయన చూపు నా మీదికి రాలేదు, ఫోన్ మీదికి పోయింది. నేను గొంతు తగ్గించాను. "సార్, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఒక్క గుటక తాగండి. ఆమె ఇంటికి పోతుంది. మిగతాది మీరూ దేవుడూ చూసుకోండి."

ఓబులమ్మ గడప దాటి లోపలికి వచ్చేసింది. "సారూ, ఒగ చుక్క తాగండి సారూ. మీ కాళ్లు మొక్కుతా. మాయమ్మ మంచంలో ఉంది సారూ."

ఆయన కళ్లు తడి చేసుకున్నాడు. ఫోన్‌కు ముఖం కనిపించేలా కొంచెం తిరిగాడు. "తల్లీ, నీకోసం ప్రాణమైనా ఇస్తా. దేవునికి మాత్రం ద్రోహం చెయ్యలేను" అన్నాడు.

ఏమంటున్నాడని సయీద్ అడిగాడు. ఆ వాక్యాన్ని కూడా అరబ్బీలో చెప్పాను. నా ఉద్యోగంలో అంత అసహ్యంగా నా నోట్లోంచి ఏ మాటా రాలేదు. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

సయీద్ లేచి నిలబడ్డాడు. ఇంటి పెద్ద లేచాడంటే కూర్చోవడం అయిపోయినట్టే.

వెళ్లేటప్పుడు వాకిట్లో నన్ను ఆపాడు. "కాఫీ తాగనందుకు కాదు నా కోపం. నా ఇంట్లో, నా వాళ్ల ముందు దేవుణ్ణి దొంగసాక్షిగా కూర్చోబెట్టాడు."

"ఆయన కూర్చోబెట్టాడు. ఆమె ఏం చేసింది?" అన్నాను.

సయీద్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆయన్నీ నేను వెనకేసుకు రాను. పంతం ఇద్దరిదీ, నలిగిపోయింది మూడో మనిషి.

తరువాత

సయీద్ భార్య పోరు పడలేక చివరికి ఆయన సంతకం పెట్టాడు. ఆ కాగితం వచ్చేలోపే ఓబులమ్మ తల్లి పోయింది. కబురు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. "పిల్లోల్లు యాడ పడుకుంటాండారో అడగన్నా" అంది.

లైవ్ వీడియోలో చివరి ముక్క మాత్రం కత్తిరించి ఊరంతా తిప్పారు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో కూడా దీక్ష తప్పని నాయకుడని పొగిడారు. ఓబులమ్మ విమానం దిగిన రోజు, ఆమెను విడిపించింది ఆయనేనని ఇంకో వీడియో వచ్చింది. అన్నిటికంటే నాకు విడ్డూరమనిపించింది సుధాకర్ ఫోన్.

"అన్నా, అందరి ముంగట ఆయన్ను గట్ల అడుగుడు తప్పే. ఎవరి భక్తి ఆల్లదే గదనే" అన్నాడు.

"మరి ఆ రోజు చర్చి దగ్గర ఫోటో గొట్టుమన్నవ్?"

"అది వేరే పార్టీ ముచ్చట అన్నా."

కాబట్టి కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇది. నాయకుడు నాలుగు గోడల మధ్య ఎవరికి మొక్కుతాడో మనకు అనవసరం. అది అడిగేవాణ్ణి నమ్మకండి. అదే నాయకుడు తన దేవుణ్ణి తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టి, ఆ దేవుణ్ణి చూసి నన్ను నమ్మండి అన్నాడా, ఇక అది సొంత విషయం కాదు. అప్పుడు అడగవచ్చు. అడగాలి. పొద్దున ఏం తిన్నావు, రేపు ఎవరింట్లో ఏం ముట్టవు, దానివల్ల ఎవరికి నష్టం అని విడమర్చి అడగాలి. నిజంగా నమ్మినవాడు ఆ ముసలి ఎమ్మెల్యేలాగా అడగకముందే చెబుతాడు. నా భక్తినే శంకిస్తావా అని గయ్యిమంటే మాత్రం నా అనుభవంలో నూటికి తొంభైసార్లు శంకించాల్సిందే ఉంటుంది. మిగతా పదిసార్లు క్షమాపణ చెబితే సరిపోతుంది.

కోర్టులూ చట్టాలూ ఇలా నాయకుల పూజగదుల్లోకి తొంగిచూడటం మొదలుపెడితే రేపు మన పూజగదుల్లోకి కూడా వస్తాయని నాకు భయం ఉంది. సుధాకర్‌లు ఊరూరా ఉన్నారు. అందుకే అడగాల్సింది ఎవరా అని నాకు చాలాకాలం తేలలేదు.

మొన్న ఓబులమ్మ ఫోన్ చేసింది. ఎన్నికలు దగ్గరపడి ఆ నాయకుడు వాళ్ల ఊరు వచ్చాడట. ఆమెను వేదిక మీదికి పిలిచారట.

"ఈ తల్లిని గల్ఫ్ చెరలోనుంచి ఇడిపించింది నేనే అన్యాడన్నా. నా చేతికి మైకిచ్చి రొండు మాటలు చెప్పమన్యారు."

"ఏం చెప్పినవ్ చెల్లె?"

"చెప్పల్యా. అడిగినా. సారూ, ఆ పొద్దు హోటల్లో టీ తాగినారా లేదా, మెడలో మాల పట్టుకోని చెప్పండి అన్యా."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఆయన ఏమన్నడు?"

"ఏమీ అనల్యా. ఆ రాఘవ వచ్చి మైకు పెరుక్కున్యాడు. ముందర కూకున్న ముసలామె ఒగామె లేసి, ఆ పాప అడుగుతాంది గదా సామీ, చెప్పు అనింది. ఆమె ఎనక ఇంగొగరు లేసినారు. ఆయన కిందికి దిగి కారెక్కినాడు."

ఆమే మళ్లీ అంది.

"ఈసారి నువ్వు పక్కన ల్యాకపోయినా పరవాల్యాదన్నా. అందురికీ అర్తమయింది."